స్త్రీవాదం విదేశీ సరుకట!

"స్త్రీవాదం ఆఫ్రికాది కాదు, తెల్లవాళ్ల దగ్గర నుంచి దిగుమతి అయింది." ఈ మాట ఉగాండా పాస్టరు అంటాడు, గాంబియా ఇమాం అంటాడు, కెన్యాని ఏలిన ప్రెసిడెంటూ దాదాపు ఇదే అన్నాడు. మిగతా ఏ విషయంలోనూ ఒకరికొకరు పడనివాళ్లు ఈ ఒక్క విషయంలో చేతులు కలుపుతారు. మన దేశంలో ఇదే పాట పాడేవాళ్లు మీకూ తెలుసు, పేర్లు చెప్పక్కర్లేదు. బాబా గాలిలోంచి విభూతి తీస్తానంటే మనం ఏం చేస్తాం? ముందు చొక్కా చేతులు పైకి మడవమంటాం. ఈ మాటకి కూడా అలాగే చేతులు మడిపించి చూద్దాం.

ముందు గాంబియా సంగతి. పశ్చిమ ఆఫ్రికాలో ఒక నది వెంబడి పరుచుకున్న చిన్న దేశం అది. అక్కడ 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 73 మందికి జననాంగాలు కోశారు, చాలామందికి చిన్నప్పుడే. దాన్ని ఆడపిల్లల సుంతీ అంటారు కానీ మగపిల్లల సుంతీకీ దీనికీ పోలికే లేదు. రక్తం పోయి చచ్చిపోయిన పిల్లలున్నారు. బతికినవాళ్లకి కాన్పు ఒక నరకం. 2015లో దీన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఎనిమిదేళ్లు ఆ చట్టం కాగితం మీదే ఉండిపోయింది. 2023 ఆగస్టులో మొదటిసారి ముగ్గురు స్త్రీలకి జరిమానా పడితే, ఆ జరిమానా ఒక ఇమాం కట్టాడు. అక్కడితో ఆగకుండా చట్టాన్నే ఎత్తెయ్యాలన్నారు. 2024 మార్చిలో రద్దు బిల్లు పార్లమెంటుకి వచ్చింది. దాన్ని కమిటీకి పంపి ముందుకి నడపాలని 42 మంది ఓటేశారు. వద్దన్నది నలుగురు! వాళ్ల వాదన మనకి కొత్తదేం కాదు. ఇది మా మతం, మా సంస్కృతి, నిషేధం పాశ్చాత్యులు రుద్దింది.

జులై 15న ఆ బిల్లు ఓడిపోయింది. ఆ నాలుగు నెలల్లో దాన్ని ఓడించడానికి తిరిగింది గాంబియా ఆడవాళ్లే. కోత అనుభవించిన స్త్రీలు బయటికొచ్చి, తమకి ఏం జరిగిందో నలుగురిలో చెప్పుకున్నారు. ఆ మాటలు నలుగురిలో చెప్పడం ఎంత కష్టమో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వీళ్లు నిన్నగాక మొన్న పుట్టుకొచ్చిన ఎన్‌జీఓ మేడమ్‌లు కూడా కాదు. గామ్‌కోట్రాప్ అనే సంఘం 1984 నుంచీ ఊరూరా తిరిగి ఈ పని చేస్తోంది. దాని నాయకురాలు ఇసాతు టూరేని, ఆమె సహచరిని 2010లో నిధులు తినేశారనే కేసు పెట్టి అరెస్టు చేశారు. రెండేళ్ల తర్వాత కోర్టు వాళ్లని నిర్దోషులుగా వదిలింది.

అప్పుడు గాంబియాని ఏలుతున్నది యాహ్యా జామె. ఎయిడ్స్‌ని మూలికలతో నయం చేస్తానని 2007లో ప్రకటించిన మహానుభావుడు. 2009లో బయటి నుంచి మంత్రగాళ్లని పిలిపించి, వాళ్ల వెంట సాయుధుల్ని పంపి, మంత్రగత్తెలూ మంత్రగాళ్లూ అన్న అనుమానంతో వెయ్యిమంది దాకా ముసలీ ముతకని పట్టించి, మతి చెడగొట్టే కషాయం తాగించినవాడు. 2015లో కోతని నిషేధించింది కూడా ఈయనే. అందుకే రద్దు కోరేవాళ్లకి ఒక సాకు దొరికింది, ఇది నియంత తెచ్చిన చట్టం అని. నిజమే, నియంతే తెచ్చాడు. కానీ ఆ డిమాండు ఎవరిది? ఆయన జైల్లో పెట్టించిన ఆడవాళ్లది. సంతకం పెట్టినవాడిని చూసి పోరాటం ఎవరిదో తేల్చకూడదు.

ఇక్కడ ఒక చిన్న పేచీ నాకూ ఉంది. గాంబియా ఉద్యమకారులు ఎక్కువగా చేసే వాదన "ఇది ఖురాన్‌లో లేదు" అని. అది నిజం. ఇస్లాం పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం ఇది, ఈజిప్టులో క్రైస్తవులూ చేశారు. జనంలో పని చేసేవాళ్లకి ఆ వాదన అవసరమని కూడా ఒప్పుకుంటాను. కానీ ఒకవేళ ఖురాన్‌లో ఉంటే? అప్పుడు కొయ్యొచ్చా? పిల్లకి నొప్పి పుట్టేది పుస్తకంలో రాసి ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు గదా. ఈజిప్టు డాక్టరు నవాల్ ఎల్ సాదావి ఈ మొహమాటం పెట్టుకోలేదు. ఆరేళ్ల వయసులో తనకి జరిగిన కోత గురించి రాసింది. 1972లో పుస్తకం రాసినందుకు ఆరోగ్య శాఖలో ఉద్యోగం పోయింది. 1981లో సాదత్ జైల్లో పెడితే టాయిలెట్ కాగితం మీద కనుబొమల పెన్సిల్‌తో రాసుకుంది. 2001లో ఆమె మతం వదిలేసింది కాబట్టి భర్తతో విడాకులు ఇప్పించాలని ఒక లాయరు కోర్టుకెక్కాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి బతుకుతామంటుంటే మధ్యలో ఈ మూడోవాడెవడు? కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆమె 2021లో చనిపోయేదాకా నోరు మూసుకోలేదు.

ఇక అసలు ప్రశ్న. స్త్రీవాదం దిగుమతి సరుకే అయితే, ఓడలో అది రాకముందు ఆఫ్రికాలో ఆడవాళ్లు సంఘం కట్టి ఎదురు తిరగకూడదు. తిరిగారా లేదా?

1929 నవంబరు. నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలో ఓలోకో అనే ఊరు. బ్రిటిష్ వాళ్లు ఇగ్బో ప్రజల మీద 'వారెంట్ చీఫ్'లనే పెత్తందార్లని పెట్టారు. ఇగ్బోలకి అలాంటి దొరలు అంతకుముందు లేరు. కాగితం ముక్క ఇచ్చి తయారు చేసిన పెద్దమనుషులన్నమాట. మగవాళ్ల మీద అప్పటికే పన్ను పడింది. ఒక చీఫ్ మనిషి పామాయిల్ తీస్తున్న ఎన్‌వాన్యెరువా అనే స్త్రీ దగ్గరికి వెళ్లి, నీ మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరు, లెక్క చెప్పమన్నాడు. ఆమె తిరిగి అడిగింది, నీ తల్లిని లెక్కపెట్టారా అని. ఇద్దరూ కలబడ్డారు. ఆ కబురు తాటాకుల్లాంటి పామ్ ఆకుల ద్వారా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకింది. వేలకి వేలమంది ఆడవాళ్లు కదిలారు. కోర్టుల మీద పడ్డారు, చీఫ్‌ల టోపీలు లాక్కున్నారు. పోలీసులూ సైనికులూ కాల్పులు జరిపారు. యాభైమందికి పైగా స్త్రీలు చచ్చిపోయారు. 

వాళ్లు వాడిన పద్ధతి పాతది. మొగుడు పెళ్లాన్ని కొట్టినా, ఎవడి పశువులైనా ఆడవాళ్ల చేలో పడినా, ఊరి స్త్రీలంతా కలిసి వాడి ఇంటికి పోయేవారు. రోకళ్లతో గోడలు బాదుతూ, వాడి బుద్ధుల మీద పాటలు కట్టి పాడుతూ, వాడు తప్పు ఒప్పుకునేదాకా కదిలేవారు కాదు. ఒక్కోసారి గుడిసె కూడా ఊడబీకేవారు. దీన్ని 'మగాడి మీద కూర్చోవడం' అనేవారు. 1929లో చీఫ్‌ల ఇళ్ల మీదా తెల్లదొర కోర్టుల మీదా అలాగే కూర్చున్నారు. బ్రిటిష్ వాళ్లకి ఇది అర్థం కాలేదు. వెనక మగాళ్లెవరో ఉండి నడిపిస్తున్నారనుకున్నారు. 'అబా అల్లర్లు' అని పేరు పెట్టారు. ఆ ఆడవాళ్లు పెట్టుకున్న పేరు వేరు, ఓగు ఉమున్వాన్యి. అంటే ఆడవాళ్ల యుద్ధం. అల్లరికీ యుద్ధానికీ తేడా ఉంది. అల్లరికి కారణాలు వెతకరు, లాఠీలు వెతుకుతారు. వారెంట్ చీఫ్‌ల ఏర్పాటుని మాత్రం 1930లలో ప్రభుత్వం మార్చుకోక తప్పలేదు.

ఈ స్త్రీలు లండన్‌లో పుస్తకాలు చదివి వచ్చారా? 

సరే, చదివి వచ్చినామె కథే చూద్దాం. ఫున్మిలాయో రాన్సమ్-కుటి. సంగీతం వినేవాళ్లకి ఫెలా కుటి తల్లి అంటే తెలుస్తుంది, కానీ ఆమెని కొడుకు పేరుతో పరిచయం చెయ్యడం అన్యాయం. 1900లో పుట్టింది, ఇంగ్లండ్‌లో చదువుకుంది. తిరిగొచ్చాక తన ఇంగ్లిషు పేర్లు వదిలేసింది. అబెయొకుటా పట్నంలో మొదట చదువుకున్న ఆడవాళ్ల క్లబ్బు నడిపింది. బజార్లో బియ్యం అమ్ముకునే స్త్రీలు చేరాక ఆ క్లబ్బు రూపమే మారిపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాళ్ల బియ్యాన్ని అధికారులు లాక్కునేవారు. పైగా ఆడవాళ్ల మీద వేరే పన్ను. వసూలు చేసేది బ్రిటిష్ వాళ్లు నిలబెట్టిన స్థానిక రాజు, అలాకె. 1946 నాటికి అది అబెయొకుటా స్త్రీల యూనియన్ అయింది. సభల్లో ఫున్మిలాయో యొరుబాలోనే మాట్లాడేది, బజారు ఆడవాళ్లు కట్టుకునే బట్టలే కట్టుకునేది. 

హేతువాదులు గుర్తుపెట్టుకోవాల్సిన ఘట్టం ఒకటి ఈ ఉద్యమంలో ఉంది. యొరుబాల్లో 'ఓరో' అనే మగవాళ్ల రహస్య కూటమి ఉంది. ఓరో బయటికి వస్తే ఆడవాళ్లు తలుపులేసుకుని లోపలుండాలి. చూస్తే దుష్టశక్తులు పట్టుకుంటాయట, ప్రాణాలు పోతాయట. పన్నులకి వ్యతిరేకంగా స్త్రీలు గుంపుగా వచ్చినప్పుడు వాళ్లని చెదరగొట్టడానికి ఈ ఓరో కర్రనే బయటికి తీశారు. ఆడవాళ్లు భయపడి వెనక్కి తగ్గారు. అప్పుడు ఫున్మిలాయో ముందుకెళ్లి ఆ కర్ర లాక్కుని, పైకెత్తి ఊపి, ఇక అధికారం మాదే అని, దాన్ని ఇంటికి పట్టుకెళ్లి అందరికీ కనపడేలా పెట్టుకుందని చెప్తారు. ఆమెకేమీ కాలేదు. దుష్టశక్తి దిగిరాలేదు. మన దగ్గర నిప్పుల మీద నడిచి చూపించే కార్యకర్తలు చేసే పనే ఇది. కాకపోతే ఆమె ఒక్క దెబ్బతో రెండు పనులు చేసింది. ఆ కర్ర వెనక మగ పెత్తనం ఉంది, ఆ పెత్తనం వెనక బ్రిటిష్ పన్ను ఉంది. తెల్లవాడి ఖజానాకి కాపలా కాయడానికి 'మన ప్రాచీన సంప్రదాయం' దుష్టశక్తి ఎలా పనికొచ్చిందో చూడండి. ఆ భయం పోయాక వేల సంఖ్యలో ఆడవాళ్లు రాజు ఇంటి ముందు కూర్చున్నారు. 1949 జనవరిలో అలాకె గద్దె దిగాడు. పన్నూ ఆగింది. రాజు తర్వాత మళ్లీ వచ్చాడనుకోండి, రాజులు అంత తేలిగ్గా పోరు.

1977 ఫిబ్రవరిలో ఫెలా ఇంటి మీద నైజీరియా సైనికులు దాడి చేసి, 76 ఏళ్ల ఆ తల్లిని కిటికీలోంచి కిందకి తోసేశారు. కోలుకోలేక మరుసటి ఏడాది చనిపోయింది. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయి అప్పటికి పదిహేడేళ్లు.

కెన్యా కథ తొందరగా చెప్పేస్తాను. వంగారి మాథై 1989లో నైరోబీ ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం కట్టొద్దని అడ్డం పడితే, ప్రెసిడెంటు మోయి ఆమెకి ఆఫ్రికా సంప్రదాయం గుర్తు చేశాడు. మంచి ఆడది మగాళ్లని గౌరవించి గమ్మునుండాలట. విదేశీ పెట్టుబడితో కట్టే ఆకాశహర్మ్యం ఆఫ్రికా సంప్రదాయం, దానికి అడ్డుపడే కెన్యా స్త్రీ మాత్రం పరాయిది! ఆ భవనం కట్టలేదు, పార్కు మిగిలింది.

మరి నిజంగా దిగుమతి అయిన సరుకేమిటి? చూపిస్తాను. ఉగాండా 2023లో స్వలింగ సంపర్కులకి కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా పెడుతూ చట్టం చేసింది. ఎందుకంటే స్వలింగ సంపర్కం 'ఆఫ్రికాది కాదు'. ఆ 'అసహజ నేరం' అనే మాట ఎవరిది? తూర్పు ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్లు మొదట్లో నడిపింది మన ఇండియన్ పీనల్ కోడే. 1860లో మన కోసం రాసి, మన 377ని వాళ్లకి ఎగుమతి చేశారు. మనం 2018లో వదిలించుకున్నాం, వాళ్లు దాన్ని సంస్కృతి అనుకుని కాపాడుకుంటున్నారు. దాని మీద ప్రచారం చెయ్యడానికి 2009లో కంపాలాకి వచ్చిన స్కాట్ లైవ్లీ ఆఫ్రికావాడు కాదు, అమెరికా మత ప్రచారకుడు. బైబిలూ దిగుమతే, చట్టమూ దిగుమతే, ప్రచారకుడూ దిగుమతే. ఈ చట్టాన్ని ప్రశ్నించిన ఉగాండా న్యాయశాస్త్ర ప్రొఫెసరు సిల్వియా తమాలే మాత్రం విదేశీ ఏజెంటు. ఇలాంటి లెక్కలు మన దగ్గర పంచాంగాల్లో మాత్రమే కనిపిస్తాయి.

ఇంతవరకూ చదివి మన హేతువాద మిత్రులు కొందరు చప్పట్లు కొట్టి, "అందుకే బ్రిటిష్ వాళ్లు ఉన్నప్పుడే బాగుండేది, సతిని ఆపారు కదా" అంటారు. వాళ్లకి లార్డ్ క్రోమర్‌ని పరిచయం చెయ్యాలి. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టుని నడిపిన బ్రిటిష్ దొర. ఈజిప్టు వెనకబడడానికి కారణం ఆడవాళ్ల ముసుగు, పరదా అని రాశాడు. అదే దొర ఈజిప్టులో చదువు మీద ఖర్చు పిసినారిగా పెట్టి బడి ఫీజులు పెంచాడు. ఇంగ్లండ్ తిరిగెళ్లి, 1910లో ఆడవాళ్లకి ఓటుహక్కు వద్దనే జాతీయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఈజిప్టు స్త్రీ మీద అంత జాలి పడిన మనిషికి లండన్ స్త్రీ మీద జాలి ఎందుకు కలగలేదు? 1958లో అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం అండతో సభలు పెట్టి స్త్రీల ముసుగులు తీయించారు. బయట అదే సైన్యం ఆ స్త్రీల అన్నదమ్ముల్ని కరెంటు పెట్టి హింసిస్తోంది. 

ఇలాంటి సంస్కరణకి ఫలితం ఎలా ఉంటుందో కెన్యాలో మేరు జిల్లా చెప్తుంది. మౌ మౌ తిరుగుబాటుని అణిచేస్తున్న రోజుల్లో, 1956లో, బ్రిటిష్ అధికారుల ప్రోద్బలంతో అక్కడి మగపెద్దల మండలి ఆడపిల్లల కోతని నిషేధించింది. అమ్మాయిలు ఏం చేశారో తెలుసా? కొట్లో రేజర్ బ్లేళ్లు కొనుక్కుని, పొదల్లోకి పోయి ఒకరినొకరు కోసుకున్నారు. నన్ను నేనే కోసుకుంటాను అనే అర్థం వచ్చే 'ఙ్గైతానా' అన్న పేరు వాళ్లకి పడింది. తర్వాతి మూడేళ్లలో 2,400 మందికి పైగా మీద కేసులు పెట్టారు. నిషేధం మంచిదే. తెచ్చినవాడి చేతిలో తుపాకీ ఉంది, ఆ పిల్లల్ని అడిగినవాడు లేడు. దాంతో శరీరాన్ని కోసుకోవడమే స్వాతంత్ర్య పోరాటం అయిపోయింది. సైన్సు మన పక్షాన ఉన్నంత మాత్రాన మనం చెప్పే పద్ధతి కూడా ఒప్పు అయిపోదు. ఇది మన సంఘాలు కూడా ఆలోచించుకోవాలి, ఒక ఊళ్లో జాతర ఆపడానికి పోలీసు జీపు ఎక్కి వెళ్లేముందు.

ఆఫ్రికా స్త్రీలు ఈ రెండు వైపులా పోరాడవలసి వచ్చింది. 1977లో డకార్‌లో ఆఫ్రికా స్త్రీ పరిశోధకులు సొంత సంఘం పెట్టుకున్నారు. మా గురించి మీరు రాసే పరిశోధనలు చాలు, మేం రాసుకుంటాం అన్నారు. జననాంగాల కోత మీద పాశ్చాత్యుల ప్రచారాన్ని 1980లో ఘాటుగా విమర్శించారు. అదే ప్రకటనలో ఆ కోతనీ ఖండించారు. మన మేధావులకి ఈ రెండో సగం వినపడదు. మొదటి సగం విని, "చూశారా, వాళ్లే వద్దంటున్నారు, వాళ్ల సంస్కృతి వాళ్లది" అని తృప్తిగా కాఫీ తాగుతారు. 

డీకాలనైజేషన్ అనే మాటకి ఇప్పుడు మార్కెట్ బాగుంది. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో వేద జ్యోతిషం పెడతానంటే, హైదరాబాదు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్లారు. అక్కడా ఓడిపోయారు, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఇప్పుడైతే ఆ కోర్సులకి కోర్టు కూడా అక్కర్లేదు, 'వలస మనస్తత్వం నుంచి విముక్తి' అని బోర్డు పెడితే చాలు. 2021లో ఇగ్నో జ్యోతిషంలో ఎం.ఎ. పెట్టింది. అందుకే చాలామంది హేతువాదులకి ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. నాకూ మండుతుంది. కానీ దొంగ నోట్లు ఉన్నాయని నోట్లన్నీ చింపుకోం కదా.

ఆఫ్రికాలోనూ ఈ బంగారు యుగం జబ్బు ఉంది. ఒయెరొంకే ఒయెవుమి అనే నైజీరియా పండితురాలు 1997లో ఒక పుస్తకం రాసింది. తెల్లవాళ్లు రాకముందు యొరుబా సమాజంలో 'స్త్రీ' అనే వర్గమే లేదనీ, వయసులో పెద్దా చిన్నా తేడానే ముఖ్యమనీ ఆమె వాదన. ఆ భాషలో ఆడా మగా సర్వనామాలు లేవనేది ఒక ఆధారం. దీన్ని ఉతికి ఆరేసింది కూడా నైజీరియా స్త్రీవాదే, బీబీ బకారే-యూసుఫ్. భాషలో తేడా లేనంత మాత్రాన అధికారంలో తేడా లేదని ఎలా అంటావు అని అడిగింది. నేనైతే ఇంకో ప్రశ్న కలుపుతాను. స్త్రీ అనే వర్గమే లేకపోతే, ఓరో కర్ర బయటికొచ్చినప్పుడు తలుపులేసుకున్నది ఎవరు? 'వేదకాలంలో స్త్రీని పూజించారు' అనేవాళ్లకి మనం వేసే ప్రశ్న కూడా ఇలాంటిదే.

2006 నవంబరులో అక్రా నగరంలో ఖండం నలుమూలల నుంచి వందమందికి పైగా స్త్రీలు కలిసి ఒక చార్టర్ రాసుకున్నారు. మేం స్త్రీవాదులం, దీనికి 'అయితే', 'కానీ' అనే తోకలు ఉండవు అని అందులో తేల్చేశారు. వలస పాలన, బానిస వ్యాపారం, ప్రపంచీకరణ, సొంత ఇంట్లో మగ పెత్తనం, అన్నిటితోనూ ఒకేసారి తగాదా అన్నారు. ఒక్కత్తే బయటపడితే చాలదు, అందరూ బయటపడాలి అనేది దాని సారం. ఆధ్యాత్మికతకి కూడా అందులో చోటిచ్చారు, మతం లోపలా బయటా. నాకు అది నచ్చలేదు. ఆ చోటులోంచే రేపు పాస్టరు లోపలికి వస్తాడని నా భయం. కానీ 2003లో మపుటోలో ఆఫ్రికా దేశాలు ఆమోదించిన స్త్రీ హక్కుల ఒప్పందం, కోతని నిషేధించాలన్నదీ, అత్యాచారం జరిగినప్పుడు గర్భస్రావ హక్కుని గుర్తించినదీ, ఇలాంటి స్త్రీల ఒత్తిడితోనే వచ్చింది. మా ఆధ్యాత్మికత మాది అనే స్త్రీ ఆ పని చేసింది. నాస్తికులమైన మనం ఆ ఇరవై ఏళ్లలో మన దగ్గర ఆడపిల్లల కోసం ఏం చేశామో లెక్క చూసుకుంటే కొంచెం తలదించుకోవలసి వస్తుంది.

హేతువాదులకి వాళ్లతో నేరుగా కలిసే చోటు ఒకటుంది. ఉత్తర ఘనాలో గాంబాగా అనే ఊళ్లో మంత్రగత్తెలని ముద్రపడి ఊళ్లోంచి తరిమేసిన స్త్రీల శిబిరం ఉంది. ఎక్కువమంది ముసలివాళ్లు, మొగుడు పోయినవాళ్లు. తీర్పు చెప్పేది కోడి. గొంతు కోసి వదిలితే అది వెల్లకిలా పడి చస్తే నిర్దోషి, మరోలా పడితే మంత్రగత్తె. చేతబడి చేసిందని పళ్లూడగొట్టిన కేసులు తెలంగాణలో చూసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. 2020 జులైలో కఫాబా అనే ఊళ్లో అకువా డెంటే అనే తొంభై ఏళ్ల ముసలామెని పట్టపగలు జనం చూస్తుండగా కొట్టి చంపారు. ఆ వీడియో దేశమంతా చూసింది. దాని తర్వాత స్త్రీ సంఘాలూ హక్కుల సంఘాలూ పట్టుబడితే, మంత్రగత్తె అని ముద్ర వెయ్యడాన్ని నేరం చేస్తూ 2023 జులైలో పార్లమెంటు బిల్లు పాస్ చేసింది. ప్రెసిడెంటు అకుఫో-అడో సంతకం పెట్టలేదు. ఖజానా మీద భారం పడుతుంది, రాజ్యాంగం ఒప్పుకోదు అన్నాడు. నైజీరియా హేతువాది లియో ఇగ్వే ఇలాంటి స్త్రీల కోసమే 2020లో ఒక సంస్థ పెట్టి, దేశం దేశం తిరిగి కేసులు వెయ్యిస్తున్నాడు. ఆయన మత సంస్థల నుంచి తిన్న తిట్లలో ముఖ్యమైనది మీరు ఊహించగలరు. తెల్లవాళ్ల ఏజెంటు.

అకుఫో-అడో 2025 జనవరిలో దిగిపోయాడు. ఆ ఏడాదే బిల్లుని మళ్లీ పార్లమెంటులో పెట్టారు. గాంబియాలో ఓడిపోయినవాళ్లు కూడా ఊరుకోలేదు, కోత నిషేధం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఇసాతు టూరే తరం ఆడవాళ్లు మళ్లీ కాగితాలు సర్దుకున్నారు.